మా బాబాయ్ పడని ఇల్లు లేదు

మా బాబాయ్‌కి ఒక్కటే అలవాటు. ఎవరింటికి వెళ్ళినా పడిపోతాడు.

పడిపోతాడంటే కళ్ళు తిరిగి కాదు. మీకు ఇప్పుడు అనుమానం వచ్చిందే, ఆ కారణం వల్ల అసలే కాదు. ఆయన టీ తప్ప ఏమీ ముట్టడు. అరవై మూడేళ్ళ వయసులోనూ మనిషి గుంజలా ఉంటాడు. బస్సులో పడడు, వీధిలో పడడు. వానాకాలంలో తడి తుడవని మా ఆఫీసు వరండాలో మేమందరం ఒకళ్ళ మీద ఒకళ్ళం జారుతుంటే, ఆయన భుజాన పనిముట్ల సంచి వేసుకుని, పెళ్ళి చూపులకి వెళ్తున్నంత నింపాదిగా నడిచిపోతాడు. కానీ ఎవరైనా పెద్దవాళ్ళ ఇంట్లో కాలు పెట్టాడా, పది నిమిషాల్లో నేల మీద ఉంటాడు.

బాబాయ్ అంటే నాకు చుట్టమేమీ కాదు. ఆఫీసులో అందరికీ బాబాయే. మాది పెద్దల ఇంటి సహాయ కేంద్రం. వయసు మీద పడినా సొంత ఇంట్లోనే ఉంటామనేవాళ్ళకి కావలసిన చిన్న చిన్న ఏర్పాట్లు చేసి పెట్టడం మా పని. స్నానాల గదిలో పట్టుకోవడానికి గోడకి పిడి, కాలి కింద జారని పట్టా, మంచం కోళ్ళ కింద దిమ్మలు, పెద్ద అంకెల ఫోను, వండుకోలేనివాళ్ళకి మధ్యాహ్నం భోజనం, ఇలాంటివి. ముప్పై అయిదేళ్ళు వడ్రంగం చేసి మా దగ్గర చేరిన బాబాయ్ మేకులు కొడతాడు, మరలు బిగిస్తాడు. నేను పక్కన కూర్చుని ఫారం నింపుతాను. నలభై ఒక్క ప్రశ్నల ఫారం.

అందులో పదిహేడో ప్రశ్న: గత ఆరు నెలల్లో మీరు ఎప్పుడైనా పడిపోయారా?

నా ఉద్యోగంలో ఈ ప్రశ్నకి అవునన్నవాళ్ళు ఒక్కరూ లేరు. చెయ్యి మెడకి కట్టుకుని కూర్చున్నవాళ్ళు కూడా లేదనే అన్నారు.

బాబాయ్‌తో నేను వెళ్ళిన మొదటి ఇల్లు ఒక రిటైరైన రైలు డ్రైవరుగారిది. ఎనభై ఏళ్ళాయన, ఒంటరి మనిషి. నుదుటి మీద అగ్గిపెట్టంత ప్లాస్టరు ఉంది.

"పడ్డారాండీ?" అన్నాను.

"నేనా? పడటమా? ముప్పై ఏళ్ళు ఇంజను నడిపానమ్మా! వంతెనల మీద, తుఫానుల్లో!"

"మరి ఆ ప్లాస్టరు?"

"ఇదా? దోమ కుట్టింది."

ఆ సైజు దోమ ఉంటే రైలే పట్టాలు తప్పుతుంది. నేను బాబాయ్ వైపు చూశాను. ఆయన సంచీ జాగ్రత్తగా గోడ వారన పెట్టాడు. కళ్ళజోడు తీశాడు, చొక్కా జేబులో పెట్టుకున్నాడు, జేబుకి గుండీ పెట్టుకున్నాడు. "కాళ్ళు కడుక్కొస్తానండీ" అంటూ స్నానాల గదిలోకి వెళ్ళాడు. మరుక్షణం బియ్యం బస్తా దించినట్టు పెద్ద చప్పుడు.

"అమ్మాయ్, పోయాను!"

నేను ఫారం పక్కన పడేసి లేవబోయాను. డ్రైవరుగారు నాకంటే ముందే కుర్చీలోంచి లేచి, గోడలు పట్టుకుంటూ వెళ్ళి, గుమ్మంలో నిలబడి బాబాయ్‌ని చూశారు. ఆయన ముఖం పండగలా వెలిగిపోయింది.

"ఏం మనిషివయ్యా! ఈ వయసుకే ఇలా అయితే ఎలా? చూసుకుని నడవద్దూ?"

"తప్పేనండీ. ఇక్కడో పిడి ఉంటే పట్టుకునేవాణ్ణి."

"బిగించుకో నాయనా, నీక్కావలసినన్ని బిగించుకో! మళ్ళీ వచ్చి ఏ కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటే నీ పెళ్ళానికి నేనేం జవాబు చెప్పను?"

పద్దెనిమిదో ప్రశ్న: కోరిన పరికరం ఎవరి అవసరం కోసం? డ్రైవరుగారు ఠక్కున చెప్పారు. "మీ మేస్త్రీ కోసమని రాయమ్మా."

అలాగే రాశాను. తిరిగొస్తూ దారి పొడుగునా బాబాయ్‌ని పరామర్శించాను. నొప్పిగా ఉందా, డాక్టరు దగ్గరికి వెళ్దామా అని. "అలవాటేనమ్మా" అన్నాడు. అలవాటు అన్నది ఎంత నిజమో ఆ వారంలోనే తెలిసింది. సోమవారం ఒకరి వంటింట్లో, బుధవారం ఒకరి పెరటి మెట్ల మీద, శుక్రవారం ఒకరి మంచం పక్కన పడ్డాడు.

ఒక ఇంట్లో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఉండేవారు. బట్టలు కుట్టి బతికిన మనుషులు. "నాకేం ఫరవాలేదమ్మా, మా చెల్లెలికే నిలకడ లేదు" అని అక్క నా చెవిలో. "మా అక్కయ్యకి చెప్పకండి, పడేది ఆవిడే" అని చెల్లెలు నా రెండో చెవిలో. బాబాయ్‌కి ఏ చెవీ అక్కర్లేదు. మంచానికి అటు ఒకసారి పడ్డాడు, లేచి బట్టలు దులుపుకుని ఇటు ఒకసారి పడ్డాడు. ఇద్దరికీ మాట రాకూడదు కదా! రెండు వైపులా రెండు పిడులు. ఆ అక్కాచెల్లెళ్ళు ఆయన మోకాళ్ళకి మెత్తలు కుట్టి ఇచ్చారు కూడా.

ఇంకో ఇంట్లో ఒక మంగలి తాతగారి సోఫా మరీ లోతు. అందులో పడటానికి వీల్లేదు, కాబట్టి బాబాయ్ మునిగిపోయాడు. కూర్చున్నవాడు అరగంట లేవలేదు. నేను ఒక చెయ్యి, తాతగారు ఒక చెయ్యి పట్టుకుని లాగితే ముగ్గురం కలిసి సోఫాలోకి వెళ్ళిపోయాం. ఆ సాయంత్రమే తాతగారు సోఫా కింద నాలుగు దిమ్మలకి ఒప్పుకున్నారు. "పాపం, మీవాడు ఇంకా కుర్రాడు. మోకాళ్ళు ఇప్పుడే పోతే ఎలా?" అన్నారు.

ఒకసారి బాబాయ్ వాళ్ళావిడని అడిగాను. "పిన్నీ, బాబాయ్ ఇంట్లో కూడా ఇలాగే పడతాడా?"

"నలభై ఏళ్ళ కాపురంలో ఒక్కసారి పడలేదమ్మా. పడితే లేపేది ఎవరో ఆయనకి తెలుసు."

ఇంతలో మా కేంద్రానికి కొత్త ఆఫీసరుగారు వచ్చారు. మంచివారే కానీ కాగితాలు చదువుతారు. అంతకుముందు మా ఆఫీసులో కాగితాలు రాసేవాళ్ళే గాని చదివేవాళ్ళు లేరు. వచ్చిన మూడో రోజు నన్నూ బాబాయ్‌నీ గదిలోకి పిలిచారు. బల్ల మీద ఫారాల గుట్ట.

"ఈ ఏడాది అరవై రెండు ఇళ్ళల్లో పని చేశారు. ఎవరి అవసరం కోసం అన్నచోట అరవై రెండు ఫారాల్లోనూ 'మీ మేస్త్రీ కోసం' అని ఉంది. ఏమిటిది?"

"నిజమేనండీ" అన్నాను.

"అంటే ఊళ్ళో పెద్దల కోసం పెట్టిన కేంద్రం ఏడాది పొడుగునా ఒక్క మనిషిని నిలబెట్టడానికి పని చేసిందా?"

బాబాయ్ వినయంగా తల వంచుకున్నాడు. "నిలబెట్టారండీ. చాలా ఉపకారం."

మర్నాడు మెమో వచ్చింది. 'విధి నిర్వహణ సమయమందు, దరఖాస్తుదారుల గృహములందు, ముందస్తు అనుమతి లేకుండా పడరాదు.'

బాబాయ్ దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. "ముందస్తు అనుమతి అంటే ఏమిటమ్మాయ్? జారుతూ జారుతూ ఫోను చెయ్యాలా?"

"అసలు పడొద్దని బాబాయ్."

ఆయన మెమోని నాలుగు మడతలు పెట్టి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. రెండు వారాలు నిజంగానే పడలేదు. ఆ రెండు వారాల్లో తొమ్మిది ఇళ్ళకి వెళ్ళాం. తొమ్మిది ఇళ్ళవాళ్ళూ మాకు టీ ఇచ్చి, తమకేమీ అక్కర్లేదని చెప్పి, గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. తొమ్మిది ఫారాల మీదా 'సహాయం నిరాకరించారు' అని రాశాను. అప్పటికీ నా బుర్రకి ఏమీ తట్టలేదు.

పదో ఇల్లు హెడ్మాస్టరమ్మగారిది.

ఎనభై రెండేళ్ళావిడ. నలభై ఏళ్ళు బడి నడిపి, పుస్తకాలు, రేడియో, తూర్పు వైపు కిటికీ, వీటి మధ్య ఒక్కర్తే ఉంటున్నారు. దరఖాస్తు పెట్టింది ఆవిడ కాదు, మూడు వీధుల అవతల ఉండే కూతురు. "మా అమ్మ ఏదీ ఒప్పుకోదండీ. ఒంటి మీద దెబ్బలు కనిపిస్తున్నాయి, అడిగితే కసురుకుంటుంది. ఇదే ఆఖరుసారి. మీరు చెప్పినా వినకపోతే ఒకటో తారీఖున ఇల్లు ఖాళీ చేయించి మా ఇంటికి తెచ్చేసుకుంటాను" అని ఫోనులో ఏడ్చినంత పని చేసింది. మా కంటే ముందు ముగ్గురు వెళ్ళారట. వ్యాయామం నేర్పడానికి వెళ్ళినతనికి ఆవిడే అరగంట వ్యాకరణం నేర్పి పంపారట.

మేం తలుపు కొట్టాక అది తెరుచుకోవడానికి అయిదు నిమిషాలు పట్టింది. లోపల గోడ మీద అరచెయ్యి ఆనుతున్న చప్పుడు, ఆగడం, మళ్ళీ చప్పుడు. తలుపు తీసేసరికి మాత్రం ఆవిడ దేనినీ పట్టుకోకుండా నిటారుగా నిలబడి ఉన్నారు.

"లోపలికి రండి. చెప్పులు వరసగా విడవండి."

వరసగా విడిచాం. ఫారం తీశాను.

"పదిహేడో ప్రశ్న అండీ..."

"లేదు."

"ఇంకా అడగలేదండీ."

"అడిగిన తరువాత కూడా అదే జవాబు. కానివ్వు."

బాబాయ్ గోడ చూస్తున్నాడు. మంచం దగ్గర నుంచి గుమ్మం దాకా నడుం ఎత్తున సున్నం చేతి రాపిడికి నల్లబడి, ఒక చారలా సాగింది. స్నానాల గది తలుపు దగ్గర ఆ చార తెగిపోయింది. అక్కడ పట్టుకోవడానికి గోడ లేదు. ఆయన ఆ ఖాళీ వంక చూస్తూ, తుమ్ము ఆపుకుంటున్నవాడిలా అవస్థ పడుతున్నాడు. ఒకసారి లేచాడు, నేను కళ్ళతోనే మెమో గుర్తు చేశాను, కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"ఇతనికేమైంది? బయటికి వెళ్ళాలా?" అన్నారు ఆవిడ.

"ఏం లేదండీ" అన్నాను.

"సరే. అడగవలసినవి అడిగారు. నాకేమీ అక్కర్లేదు. రాసుకుని వెళ్ళిరండి."

నేను కలం తీసి 'సహాయం' అన్నంత వరకూ రాశాను. అప్పుడు నా పక్కన సంచీ కింద పెట్టిన చప్పుడైంది. కళ్ళజోడు జేబులోకి వెళ్ళింది. గుండీ పడింది. "కాళ్ళు కడుక్కొస్తానండీ" అన్నాడు బాబాయ్. గది తలుపు దగ్గరికి వెళ్ళి, రెండు వారాల ఆకలి తీరేలా పడ్డాడు.

"అమ్మాయ్, పోయాను!"

హెడ్మాస్టరమ్మగారు కంగారుపడలేదు. నెమ్మదిగా దగ్గరికి వెళ్ళి పైనుంచి చూశారు.

"లే."

"నా నడుము అండీ..."

"నలభై ఏళ్ళు పిల్లల్ని చూశానయ్యా. లెక్కల పరీక్ష రోజు వచ్చే కడుపునొప్పులు చూశాను. ఒకే తాతగారు మూడుసార్లు పోవడం చూశాను. నిజంగా పడేవాడు కళ్ళజోడు తీసి, జేబులో పెట్టుకుని, గుండీ పెట్టుకుని పడడు."

నాకు ఎవరో నెత్తిన నీళ్ళు పోసినట్టైంది. మూడేళ్ళుగా రోజూ పక్కనే ఉండి ఆ కళ్ళజోడు జేబులోకి వెళ్ళడం చూస్తున్నాను!

బాబాయ్ పడుకున్నచోటే ఉండిపోయాడు. ప్యాంటు జేబులోంచి మెమో జారి నేల మీద పడింది. ఆవిడ చెయ్యి చాపారు. ఇవ్వక తప్పలేదు. ఆవిడ ఒక్కో మాటా చదువుతుంటే, మా ఇద్దరికీ మోకాళ్ళ మీద నిలబడాలేమో అనిపించింది.

"ఎన్ని ఇళ్ళల్లో పడ్డావు?"

"ఈ ఏడాది అరవై రెండండీ. మీతో అరవై మూడు."

"అందరూ నమ్మారా?"

బాబాయ్ లేచి కూర్చున్నాడు. "నమ్మారో లేదో నాకెలా తెలుస్తుందండీ? పిడి మాత్రం పెట్టించుకున్నారు."

ఆవిడ కిటికీ వైపు తిరిగారు. ఇక గెంటేస్తారనుకుని నేను ఫారం మడిచాను.

"అక్కడ కాదు" అన్నారు ఆవిడ, అటు తిరిగే.

"ఏమండీ?"

"నువ్వు పడ్డ చోటు తప్పు. పడితే లోపల పడాలి. కుళాయి పక్కన, ఎడమవైపుకి. చేతికి ఏమీ దొరకదు. సబ్బుపెట్టె పట్టుకుంటే అది ఊడి చేతిలోకి వస్తుంది."

లోపలికి తొంగి చూశాను. సబ్బుపెట్టె లేదు. గోడకి రెండు మర కన్నాలు ఉన్నాయి.

బాబాయ్ చిన్న గొంతుతో, పాఠం అడుగుతున్న పిల్లాడిలా అడిగాడు. "పడ్డాక ఎలా లేవాలండీ?"

"ముందు బకెట్టు దగ్గరికి జరగాలి. దాన్ని బోర్లించి, మోచెయ్యి దాని మీద ఆనించాలి."

"చాలాసేపు పడుతుందాండీ?"

"రేడియోలో వార్తలు అయిపోతాయి. రైతుల కార్యక్రమం కూడా అయిపోతుంది." ఆవిడ గొంతు సవరించుకున్నారు. "ఎరువుల గురించి నాకు ఇప్పుడు చాలా తెలుసు."

ముందు బాబాయ్ నవ్వాడు. తరువాత నేను. ఆఖరికి ఆవిడా నవ్వారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

బాబాయ్ నా వంక చూశాడు. "అమ్మాయ్, మరి మెమో..."

"నేను ఫారం నింపుకుంటున్నాను బాబాయ్. నాకేమీ కనబడదు."

ఆయన లోపలికి వెళ్ళి కుళాయి పక్కన పడ్డాడు. "ఇంకొంచెం ఎడమకి" అన్నారు ఆవిడ గుమ్మంలోంచి. ఆయన జరిగాడు. "ఆఁ, సరిగ్గా అక్కడే." నేల మీద పడుకునే చెయ్యి పైకి చాపి, అందినంత ఎత్తున గోడ మీద పెన్సిలుతో గీత పెట్టాడు. టేపు తీసి కొలిచాడు. పడిన ప్రతి ఇంట్లోనూ ఆయన చేసే పని ఇదేనని నాకు అప్పుడు తెలిసింది.

పద్దెనిమిదో ప్రశ్నకి జవాబు ఆవిడే నా చేతిలోంచి కలం తీసుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. 'మీ మేస్త్రీకి నిలకడ లేదు. మళ్ళీ వచ్చే ప్రమాదం ఉన్నది. కనుక స్నానాల గదిలో రెండు పిడులు, మంచం నుండి గుమ్మం వరకు గోడకు చేతికమ్మీ, కూర్చుని స్నానం చేయుటకు ఒక ఎత్తు స్టూలు.'

"స్టూలు కూడానా అండీ? మా మేస్త్రీ మీ ఇంట్లో స్నానం చెయ్యడు కదా" అన్నాను.

"నేను రాస్తున్నప్పుడు మాట్లాడకు."

తరువాత ఎర్రసిరా కలం వెతికి, మెమోలో దొరికిన తప్పులన్నీ దిద్దారు. 'పడరాదు' కింద గీత గీసి, 'ఎందుకు? కారణము వ్రాయలేదు' అని రాసి, పదికి మూడు మార్కులు వేసి, ఫారానికి గుచ్చి ఇచ్చారు.

బస్‌స్టాపులో బాబాయ్‌ని నిలదీశాను. "మూడేళ్ళు నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఫారంలో రాసేస్తావుగా."

నిజమే, రాసేసేదాన్ని. కాసేపటికి ఆయనే అందుకున్నాడు. "మా నాన్న మూటలు మోసేవాడమ్మా. రెండేసి బస్తాలు ఎత్తేవాడు. ముసలితనంలో ఇంట్లో పడ్డాడు. ఒకసారి కాదు. మండుటెండల్లో పొడుగు చేతుల చొక్కా వేసుకుని తిరిగాడు, మోచేతి దెబ్బలు కనబడకుండా. నేను ఊరందరికీ తలుపులు బిగించిన వడ్రంగిని, మా ఇంట్లో ఒక్క పిడి బిగించలేదు. ఆయన అడగలేదు మరి. ఎలా అడుగుతాడు? అంత బలం ఉన్న మనిషి!" బస్సు వచ్చింది. ఆయన సంచీ సర్దుకుని, మెట్టు మీద కాలు వేసి, వెనక్కి తిరిగాడు. "అదే, నేను పడ్డాననుకో. నన్ను లేపేవాడు బలమైనవాడేగా?"

వారంలో హెడ్మాస్టరమ్మగారి ఇంట్లో పని పూర్తయింది. ఒకటో తారీఖు వచ్చింది, వెళ్ళింది. ఆవిడ ఇల్లు కదల్లేదు. కూతురు ఫోను చేసి, "ఏం మాయ చేశారండీ? మా అమ్మ అవన్నీ రోజూ వాడుతోంది. అడిగితే, మేస్త్రీ బిగించినవి గట్టిగా ఉన్నాయో లేదో పరీక్ష చేస్తున్నానంటోంది" అని నవ్వింది.

ఆఫీసరుగారు ఎర్రసిరా దిద్దిన మెమో చూసి నన్ను గదిలోకి పిలిచారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన ఫారం పూర్తిగా చదివారు. లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చారు.

"మా అమ్మ మేడ మీది గదిలో ఉంటుంది" అన్నారు బల్ల వంక చూస్తూ. "మూడు నెలలుగా కిందికి దిగడం లేదు. మెట్లు కష్టంగా ఉన్నాయా అంటే, కింద చూడటానికి ఏముందిరా అంటోంది. కింద ఆవిడ పెంచిన మొక్కలున్నాయండీ." ఫారం మడిచి నా చేతికిచ్చారు. "ఆదివారం మీ బాబాయ్‌కి తీరికేనా?"

బయటికి వచ్చి బాబాయ్‌కి చెప్పాను. ఆయన సీరియస్‌గా ఆలోచించాడు.

"ఎన్ని మెట్లట?"

"పద్నాలుగు."

"అమ్మో! మోకాలి మెత్తలు తీసుకెళ్ళాలి."

ఆదివారం ఆయన ఆ ఇంట్లో నాలుగో మెట్టు మీద కూలబడ్డాడు. పైనుంచి చూస్తున్న పెద్దావిడ, "అయ్యయ్యో, ఇంకా నయం, ఏడో మెట్టు దగ్గర కాదు! అది మరీ అన్యాయం బాబూ, అక్కడ అరిగిపోయింది" అన్నారట. మర్నాటికల్లా ఏడో మెట్టు అంచు బాగైంది. మెట్ల పొడుగునా రెండు వైపులా కమ్మీ వచ్చింది. ఆ సాయంత్రమే ఆవిడ ఒక్కో మెట్టూ దిగి, మొక్కల మధ్య కుర్చీ వేయించుకుని కూర్చుని, ఎండిన ఆకులు తుంచుతూ కొడుకుని పిలిచారట.

"ఒరే, ఆ మేస్త్రీకి కబురు చెయ్యి. కమ్మీ గట్టిగానే ఉంది, నేను పట్టుకుని చూశాను. పాపం, ఇంక భయం లేకుండా రమ్మను."